మూడో భాగానికి 200 మంది సైన్యం ఎందుకు?

చిరంజీవి తమ్ముడికి,

ఆశీస్సులు. నీ హాస్య యానిమేషన్ సినిమా మూడో భాగం స్క్రిప్టు 31 పేజీలూ చదివాను. మొదటి రెండు భాగాలూ మళ్ళీ చూశాను. రెండో భాగంలో లిఫ్టులో గొడుగు తెరుచుకున్నాక కాపలాదారు సెకనున్నర సేపు కదలకుండా నిలబడి ఒక్కసారి రెప్ప వేస్తాడే, అది చాలా బాగుంది. అంత ఓపిక ఉన్నవాడివి మూడో భాగంలో 200 మంది సైన్యాన్ని దించి, అదే గొడుగును లోకాన్ని కాపాడే ఆయుధంగా మార్చావు! అది ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పడానికి మూడు పేజీలు ఖర్చుపెట్టావు. కోపం వచ్చింది, అందుకే వెంటనే రాస్తున్నాను.

వానలో తెరుచుకోదు, లిఫ్టులో తెరుచుకుంటుంది. ఆ గొడుగుతో వచ్చే నవ్వంతా ఇదే. ఎందుకలా అని వివరించావంటే చూసేవాడికి ఎదురుచూడ్డానికి ఏమీ మిగలదు. మూడో భాగం అనగానే యుద్ధం ఉండాలి, చివర్లో కన్నీళ్ళు ఉండాలి అనే ఫ్యాషన్ ఒకటి పట్టుకుంది అందరినీ. చిత్రోత్సవాల ఎంపిక కమిటీల్లో కూర్చునే పెద్దలు కూడా కడుపుబ్బ నవ్వి, బయటికొచ్చి 'భావోద్వేగం తక్కువైంది' అని రాస్తారు. వాళ్ళ కోసం తీయకు. హాస్యంలో మూడో భాగం మొదటి రెండింటికంటే చిన్నదిగా ఉండాలి. పాత్రలు తగ్గాలి, చోట్లు తగ్గాలి, నిడివి తగ్గాలి. కాపలాదారు ఎలాంటివాడో, దొంగ ఎలాంటివాడో జనానికి ఇప్పటికే తెలుసు. పరిచయానికి పట్టిన సమయమంతా నీకు మిగిలినట్టే. దాన్ని సైన్యంతో నింపకు.

లెక్క చూడు. పేజీకి నిమిషం చొప్పున నీ స్క్రిప్టు అరగంట. సెకనుకు 24 ఫ్రేములైతే, అంటే తెర మీద 24 చిత్రాలు పడితే, 43,200 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములు ఉంచినా 21,600 బొమ్మలు. రోజుకు 20 బొమ్మలు పూర్తిచేస్తే మూడేళ్ళు దగ్గర దగ్గర. అదే 12 నిమిషాలకు కుదిస్తే 8,640. నిలబడిపోయే షాట్లు, మళ్ళీ వాడుకునే నడకలు తీసేస్తే ఇంకా తగ్గుతాయి. ఒక్కడివే మోయగలిగేది ఇదే.

ముందు ఒక పట్టిక వేసుకో. మొదటి భాగం నుంచి నడుస్తున్న ప్రతి హాస్యానికీ ఒక వరుస: మొదట ఏం జరిగింది, రెండోసారి ఏం జరిగింది, మూడోసారి జనం ఏం ఊహిస్తారు, నువ్వు ఏం చేస్తావు. చివరి గడి ఖాళీగా ఉన్న వరుసల్ని కొట్టెయ్. మొదట్లో పెట్టిన నాలుగు నిమిషాల 'ఇంతవరకూ జరిగిన కథ' కూడా తీసెయ్. మొదటి రెండూ చూడనివాడికి కావాల్సింది ఒక్కటే, గొడుగు మొండికేస్తుందని. 15 సెకన్ల షాట్ చాలు.

ఆ తర్వాత యానిమాటిక్, అంటే గీతబొమ్మల్ని మాటలతో కలిపి వరుసగా పేర్చిన ముసాయిదా వీడియో. అది జనాన్ని నవ్వించేదాకా ఒక్క పూర్తి బొమ్మ కూడా గీయకు. ఒక్కో కదలికకు ఒక్క గీతబొమ్మ, మాటలు నీ గొంతుతోనే ఫోన్‌లో రికార్డు చేసినా సరే, సంగీతం మాత్రం వద్దు. సంగీతం చచ్చిన జోకును బతికున్నట్టు చూపిస్తుంది. పాత భాగాలు చూడనివాళ్ళను ముగ్గుర్ని కూర్చోబెట్టు, పక్కన నిలబడి వివరించకు. ఎక్కడ నవ్వారో, ఎక్కడ ఫోన్ తీశారో టైమ్‌కోడ్, అంటే వీడియోలో ఎన్నో నిమిషం ఎన్నో సెకనో, రాసుకో. నవ్వు రాని చోట జోకు మార్చే ముందు విరామం మార్చి చూడు. 8 ఫ్రేముల విరామం 14 అయితే నవ్వు రావచ్చు, 30 అయితే పోవచ్చు. పెద్ద నవ్వు వెంటనే ముఖ్యమైన మాట పెట్టకు, నలుగురు కలిసి చూస్తే అది వినబడదు. అక్కడ ఒక మౌనపు ముఖం పెట్టు, సెకను నుంచి సెకనున్నర దాకా. ఆ ముఖం మరీ బిగుసుకుపోతే సినిమా ఆగిపోయిందనుకుంటారు, అందుకే ఒక రెప్పపాటు ఉండాలి: మూయడానికి 2 ఫ్రేములు, మూసి ఉంచడానికి 2, తెరవడానికి 3.

సెకనుకు 60 ఫ్రేములకు పెంచే సాఫ్ట్‌వేర్ వాడాలనుకుంటున్నానని రాశావు. వద్దే వద్దు. అది రెండు భంగిమల మధ్య నువ్వు గీయని బొమ్మల్ని ఇరికిస్తుంది. టక్కున తిరగాల్సిన తల నూనెలో జారినట్టు తిరుగుతుంది. నువ్వు లెక్కపెట్టి పెట్టుకున్న టైమింగ్ అంతా పోతుంది.

గొంతులన్నీ అసలు యానిమేషన్ మొదలుపెట్టే ముందే, ఒకే గదిలో, ఒకే మైకుతో, నోటికీ మైకుకీ ఒకే దూరంలో రికార్డు చెయ్. మొదటి భాగం నాటికి పిల్లవాడిగా ఉన్నవాడి గొంతు ఈపాటికి మారి ఉంటుంది, ముందే విని చూసుకో. గది నిశ్శబ్దం 30 సెకన్లు విడిగా తీసుకో, మాటల మధ్య అతుకులకు అదే పనికొస్తుంది. నిట్టూర్పులు, ఉలికిపాట్లు, 'అబ్బా'లు కూడా విడిగా. పెదాలు కలిపేటప్పుడు ప, బ, మ దగ్గర నోరు కనీసం 2 ఫ్రేములు మూసి ఉండాలి, 'అమ్మ' లాంటి ద్విత్వమైతే 3. నోటి ఆకారం శబ్దం కంటే ఒక ఫ్రేము ముందే వస్తే కంటికి సరిగ్గా ఉంటుంది. వెనకపడితే ఎవరైనా పట్టేస్తారు.

పాత పాత్రల ఫైళ్ళను నేరుగా కొత్త వెర్షన్‌లో తెరిచి సేవ్ చేయకు. మన యానిమేషన్ సాఫ్ట్‌వేర్ బ్లెండర్ 4.3లో, బొమ్మలు గీసే పనిముట్టు గ్రీజ్ పెన్సిల్‌ను మళ్ళీ మొదట్నుంచి రాశారు, దాని కోసం రాసిన పాత ప్రోగ్రాములూ, యాడాన్లనే అదనపు హంగులూ చాలావరకు పనిచేయవు. ఫోల్డర్ మొత్తం కాపీ తీసి, కాపీలో ఒక షాట్ రెండర్ చేసి, అంటే తుది చిత్రాలుగా తీయించి, పాత సినిమా ఫ్రేము పక్కన పెట్టి పోల్చు. బొమ్మ గులాబీ రంగులో వస్తే బొమ్మ మీద అతికే రంగుల చిత్రం (టెక్స్చర్) ఫైలు దారి తెగిందని అర్థం. షాట్లకు 0010, 0020 అని పదేసి వదిలి అంకెలు వెయ్, మధ్యలో కొత్త షాటు వస్తే పేర్లన్నీ మార్చనక్కర్లేదు. రెండర్ నేరుగా వీడియోగా వద్దు. ఫ్రేముకో పీఎన్‌జీ చిత్రం ఫైలు చొప్పున వరుసగా తీస్తే 900వ ఫ్రేము దగ్గర కంప్యూటర్ ఆగినా 901 నుంచి మొదలుపెట్టొచ్చు. ప్రాజెక్టంతా కచ్చితంగా సెకనుకు 24 ఫ్రేముల మీదే ఉండాలి. ఒక్కచోట 23.976 కలిస్తే పది నిమిషాలకు మాట సగం సెకనుకు పైగా తప్పుతుంది.

ఏ ట్యాబ్లెట్ కొనాలి, పోస్టర్ ఎలా ఉండాలి అన్నవాటికి ఇప్పుడు జవాబు రాయను.

సైన్యం, ఆయుధం, పుట్టుపూర్వోత్తరాలు తీసేసి, కాపలాదారు, దొంగ, ఒక గది, ఒక గొడుగుతో కొత్త యానిమాటిక్ చెయ్. 12 నిమిషాలు దాటకూడదు. ప్రతి ఫ్రేము మీదా మూలన షాటు నంబరు, ఫ్రేము నంబరు కనబడేలా పెట్టి పంపు. ఏ విరామం గురించి మాట్లాడుతున్నానో అప్పుడు అంకెతో చెప్పగలను.

మీ అన్నయ్య