ప్లాస్టిక్ తినే బ్యాక్టీరియా పొడి కంపోస్టు గుంతలో చల్లితే కవర్లు కరుగుతాయా?

ఒకాయన అమ్మజూపిన ‘ప్లాస్టిక్ తినే బ్యాక్టీరియా’ పొడిని విశాఖ మధురవాడలోని మీ అపార్ట్‌మెంట్ కంపోస్టు గుంతలో చల్లవచ్చా అని అడిగారు. చల్లినా కవర్లు కరగవు, డబ్బు దండగ.

ఎమ్మెస్సీ ప్రాజెక్టులో నేను చేసింది దాదాపు ఇదే. కాపులుప్పాడ చెత్త యార్డు పక్క మట్టినీ, చేపల రేవులో నానుతున్న ప్లాస్టిక్ ముక్కలనూ తెచ్చి, ప్లాస్టిక్ తప్ప వేరే కార్బన్ దొరకని ద్రావణంలో అక్కడి సూక్ష్మజీవులను పెంచాం. కవరు ముక్కల మీద జిగురు పొర బాగానే కట్టింది. చూసినవాళ్లంతా ‘తినేస్తున్నాయి’ అని సంబరపడ్డారు. ఆ పొరను కడిగి, ఆరబెట్టి తూచితే బరువు ఇంచుమించు మొదటిదే. కాస్త తగ్గిన ముక్కల్లోనూ పోయింది ప్లాస్టిక్కే అనలేం. తయారీలో కలిపే రసాయనాలను తిన్నా బరువు తగ్గుతుంది.

కవరు పాలిథిన్. దాని గొలుసు పొడవునా కార్బన్-కార్బన్ బంధాలే కాబట్టి ఎంజైముకు, అంటే సూక్ష్మజీవులు ఆహారాన్ని తెంచడానికి వాడే ప్రోటీన్‌కు, పట్టు దొరకదు. నీళ్ల సీసా పెట్ ప్లాస్టిక్. అందులోని ఎస్టర్ బంధాలను, అంటే మధ్యలో ఆక్సిజన్ ఉన్న అతుకులను, ఎంజైములు తెంచగలవు. జపాన్‌లోని సకాయి నగరంలో సీసాల రీసైక్లింగ్ కేంద్రం దగ్గర మొదట దొరికింది పెట్ మీద బతికే సూక్ష్మజీవుల గుంపు. అందులోంచి వేరుచేసిన ఐడియోనెల్లా సకాయెన్సిస్ అనే బ్యాక్టీరియా గురించి 2016లో ప్రకటించారు. అది 30 డిగ్రీల దగ్గర పలుచని పెట్ పొరను ఆరు వారాల్లో తినేసింది. కానీ ఆ పొరలో అణువులు సీసాలో ఉన్నంత గట్టిగా పేర్చుకుని లేవు. 2020లో మెరుగుపరచిన మరో ఎంజైము 10 గంటల్లో 90 శాతం పెట్‌ను విడగొట్టింది, అయితే 72 డిగ్రీల వేడిలో, ముందే శుద్ధిచేసి పొడిగొట్టిన సరుకు మీద.

నాకు అసలు ఆసక్తి ఆ తర్వాతి దశ మీద. పెట్ విడిపోతే టెరెఫ్తాలిక్ ఆమ్లం, ఇథిలీన్ గ్లైకాల్ వస్తాయి. రెండింటినీ ఒకే బ్యాక్టీరియాకు అప్పగిస్తే ఒకదాని జీర్ణం రెండోదానికి అడ్డుపడవచ్చు. అందుకే 2023లో సూడోమోనాస్ పుటిడా అనే బ్యాక్టీరియాలో రెండు రకాలకు చెరొకటి పంచి, కలిపి పెంచి, బ్యాక్టీరియా తయారుచేసే జీవ ప్లాస్టిక్ తీశారు. అంతకుముందు 2021లో ఎడిన్‌బరోలో టెరెఫ్తాలిక్ ఆమ్లం నుంచి వెనిల్లా వాసననిచ్చే వెనిలిన్ తయారైంది. ఐస్‌క్రీములోకి వస్తుందేమోనని కంగారుపడకండి, అది ప్రయోగశాల పనే.

మీరైతే సీసాలను విడిగా పోగుచేసి పాత సామాను కొనేవారికి ఇవ్వండి. కవర్లను గుంతలోకి రానివ్వకండి, చీలికలైతే ఎరువులోంచి ఏరలేరు. పొడి అమ్మేవాడు మళ్లీ వస్తే, ఏ ప్లాస్టిక్ మీద, ఎంత వేడిలో పరీక్షించారో, వెలువడిన కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచారో లేదో అడగండి; నిజంగా తింటే ప్లాస్టిక్‌లోని కార్బన్ కొంత ఆ రూపంలోనే బయటికి వస్తుంది. బరువు తగ్గిందనే ఫొటోలు చూపిస్తే పంపేయండి.