ఏడాది పాప 7.6 కిలోలే ఉంది, మెదడు ఎదుగుదల దెబ్బతింటుందా?

మీ పాప బరువుకి టెన్షన్ పడకండి. ఏడాది ఆడపిల్లకి డబ్ల్యూహెచ్‌వో చార్టులో మధ్య గీత 8.9 కిలోల దగ్గరుంటుంది. 7 కిలోల కిందికి దిగితేనే తక్కువ బరువు అంటారు. చుట్టాలు "బొద్దుగా లేదు, తెలివి ఎలా వస్తుంది" అంటున్నారని రాశారు. బొద్దుతనానికీ తెలివికీ సంబంధం లేదండీ.

మా బాబు నెలలు నిండకుండా 1.7 కిలోలతో పుట్టాడు. నవజాత శిశువుల వార్డులో పెట్టారు. కాస్త కుదుటపడ్డాక సిస్టర్ మా ఆయన్ని పిలిచి చొక్కా విప్పమంది. డైపర్, టోపీ తప్ప ఇంకేమీ లేని పసిగుడ్డుని ఆయన ఛాతీ మీద బోర్లా పడుకోబెట్టి, తల ఓ పక్కకి తిప్పి, మెత్తటి గుడ్డతో ఇద్దరినీ కలిపి కట్టింది. అత్తయ్య తలుపు దగ్గర నిలబడి "మగాళ్లకేం తెలుసమ్మా" అంటూనే ఉన్నారు. కాసేపటికి బాబు బిగించిన పిడికిళ్లు వదిలేసి నిద్రపోయాడు. కంగారూ కేర్ అంటే అదే. 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలుపెట్టారు.

ఆ సిస్టర్ బరువు చూసి వదిలేసేది కాదు. కనుబొమల పైనుంచి తల వెనక ఎత్తు మీదుగా టేపు చుట్టి, సెంటీమీటర్లు కార్డులో రాసేది. "బరువెంత అని అందరూ అడుగుతారు, తల పెరిగిందా అని ఎవరూ అడగరు" అనేది. నిజమే కదా! పుట్టినప్పుడు 350-400 గ్రాములుండే మెదడు ఏడాది తిరిగేసరికి రెట్టింపు దాటుతుంది. అయినా టీకాకి తీసుకెళ్తే చాలాచోట్ల టేపు బయటికే తీయరు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

ఇంకోటి, ఐరన్. ఆరు నెలలు దాటాక తల్లిపాలలో ఉండే ఐరన్ సరిపోదు. నరాల మీద మైలిన్ అనే పొర (సంకేతాలు వేగంగా వెళ్లేలా చేసే తొడుగు) సరిగ్గా ఏర్పడాలంటే ఐరన్ కావాలి. సీసాలకి సీసాలు ఆవుపాలు, బిస్కెట్లు పెట్టి బొద్దుగా చేసిన పిల్లలకే రక్తం తక్కువగా ఉండటం మా వీధిలోనే చూశాను. మెత్తగా ఉడికిన పప్పు, ఆకుకూర, గుడ్డు, తినేవాళ్లయితే కాస్త లివర్ పెట్టండి, ఆ ఐరన్ ఒంటికి పట్టడానికి పక్కన నిమ్మరసం.

అన్నిటికన్నా ముఖ్యం, మాట్లాడటం, ఆడించడం. జమైకాలోని కింగ్‌స్టన్‌లో 1986-87లో ఎదుగుదల కుంటుపడ్డ 129 మంది పిల్లల మీద రెండేళ్లు అధ్యయనం చేశారు. కొందరికి పోషకాహారం ఇచ్చారు, కొందరి ఇళ్లకి ఆరోగ్య కార్యకర్తలు వారానికో గంట వెళ్లి, ఇంట్లో చేసిన బొమ్మలతో ఎలా ఆడించాలో తల్లులకి నేర్పారు. ఇరవై ఏళ్ల తర్వాత చూస్తే ఆటలాడించిన పిల్లల సంపాదన ఆడించనివాళ్లకన్నా దాదాపు 25 శాతం ఎక్కువగా ఉంది. ఆహారం ఒక్కటే ఇచ్చినవాళ్లలో ఆ తేడా కనబడలేదు. అలాంటిది మనం ఫోన్ చేతిలో పెట్టి, పిల్ల నోరు తెరిచినప్పుడల్లా ముద్ద కుక్కుతున్నాం! ఆ ముద్దతో బరువు పెరగొచ్చు, మాట మాత్రం రాదు. "ఇది క్యారెట్, ఇది నెయ్యి" అని చెబుతూ, తన చేత్తోనే తిననివ్వండి. ఒంటికి పూసుకున్నా సరే.

వచ్చే టీకాకి వెళ్లినప్పుడు తల చుట్టుకొలత, హిమోగ్లోబిన్ రెండూ అడిగి చూపించుకోండి. బరువు గీత రెండు మూడు నెలలు కదలకపోయినా, కిందికి జారినా మాత్రం చుట్టాల మాట వినకుండా వెంటనే పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లండి.