పాత పటాలతో పల్లెలకు బయలుదేరే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

కొండలు, వాగులు, ఊళ్ళు చూపే పాత సర్వే పటాలు, అవే టోపోషీట్లు, పట్టుకుని పాడుబడిన ఊళ్ళు వెతకబోతున్నావని మీ నాన్న చెప్పాడు. మన ఇంట్లో ఇంకొకరికి ఈ పిచ్చి పట్టిందని పొంగిపోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

ముందు గుర్తుల పట్టిక చదువు. మైలుకు అంగుళం పటాల్లో ఎత్తులు అడుగుల్లో, కిలోమీటరుకు రెండు సెంటీమీటర్ల చొప్పున గీసిన 1:50,000 పటాల్లో మీటర్లలో ఉంటాయి.

సంవత్సరం దగ్గర మాత్రం ఆగు. సర్వే చేసిన ఏడు వేరు, అచ్చువేసిన ఏడు వేరు. పాత సర్వేకే రోడ్లు, రైలుమార్గాలు చేర్చి మళ్ళీ అచ్చువేయడమూ ఉంది. నా మిత్రుడొకడు అచ్చు సంవత్సరం చూసి, ఆ ఏటికి ఒక చెరువు నిండుగా ఉందని వ్యాసం రాశాడు. ఆ ఊరి అరుగు మీద కూర్చుని చదివి వినిపించాడు కూడా. విన్న ముసలమ్మ, "అప్పటికి గట్టు తెగి చాలా ఏళ్ళయింది నాయనా. ఆ నీళ్ళలోనే మా అన్న కొట్టుకుపోయాడు" అంది. గండి పడింది సర్వేకూ అచ్చుకూ మధ్య. సర్వే ఏడు పటం అంచునే చిన్న అక్షరాల్లో ఉంది. నువ్వు ఎవరి దుఃఖాన్నీ కాగితం చూపించి కాదనకు. పెద్దవాళ్ళను ముందు మాట్లాడనివ్వు, పటం తరవాత విప్పు. ముందే విప్పితే వాళ్ళు తమకు గుర్తున్నది వదిలేసి పటంలో ఉన్నదే చెబుతారు.

ఇక నా భయం బావులు. ఊరు మట్టిలో కలిసినా బావి మిగులుతుంది. పటంలో అది చిన్న నీలం గుర్తు. నేల మీద చుట్టుగోడ కూలి, పైన తుమ్మకంప అల్లుకుని, అంచు ఎక్కడో తెలియదు. ఫోను చూసుకుంటూ నడుస్తావేమో, వద్దు. సర్వే ఆఫ్ ఇండియా పాత పటాలు ఎవరెస్టు గోళాభం మీద, అంటే భూమి ఆకారానికి వేసిన ఒక పాత లెక్క మీద గీసినవి, ఫోను వాడే లెక్క వేరు. సవరించకుండా ఒకదాని మీద ఒకటి పెడితే వంద మీటర్లకు పైగా తేడా రావచ్చు. బావి అక్కడుందని ఫోను చూపిస్తుంటే, అది నీ కాలి ముందే ఉండవచ్చు. చిన్నప్పుడు ఎన్ని తిట్లు తిన్నా గోడలెక్కడం మానలేదు నువ్వు. ఈ ఒక్క మాట విను తల్లీ. ఆ చేలు తెలిసిన రైతును వెంటబెట్టుకుని, చేతికర్రతో నేల తడుముతూ, పొద్దుండగానే తిరుగు.

షీటు నంబరు రాసి పంపు. వెతికే ఊరు తరచు షీటు అంచునే పడుతుంది. పక్క షీటు నా పెట్టెలో ఉంటే పంపిస్తాను.

మీ పెదనాన్న