భారత ఫుట్‌బాల్ కోచ్‌గా పనిచేసిన ఇగోర్ స్టిమాచ్ నేపథ్యం ఏమిటి?

స్టిమాచ్ క్రొయేషియాకు చెందిన గట్టి సెంటర్ బ్యాక్ (గోల్ ముందు మధ్యలో నిలిచే డిఫెండర్). 1995లో ఇంగ్లండ్‌లోని డెర్బీ కౌంటీ క్లబ్‌లో చేరారు. తొలి మ్యాచ్‌లో ఆయన గోల్ కొట్టినా జట్టు 5-1తో చిత్తయింది. ఆ తర్వాత వరుసగా 20 మ్యాచ్‌లు ఓడకుండా ఆడి, ఆ సీజన్‌లోనే అక్కడి అగ్రశ్రేణి లీగ్ అయిన ప్రీమియర్ లీగ్‌కు చేరింది! 1998 ప్రపంచకప్‌లో మూడో స్థానం సాధించిన క్రొయేషియా జట్టులోనూ ఉన్నారు. 2012లో అదే జట్టుకు కోచ్ అయ్యారు, ఏడాదికే పదవి పోయింది.

2019లో భారత్ పగ్గాలు పట్టారు. 2021, 2023లో శాఫ్ (దక్షిణాసియా ఛాంపియన్‌షిప్) టైటిళ్లు వచ్చాయి. 2024లో ఖతార్‌పై ఓటమితో ప్రపంచకప్ ఆశలు గల్లంతై, ఆయనకు ఉద్వాసన పలికారు. ఆ మ్యాచ్‌లో గీత దాటిన బంతిని లోపలికి లాగి ఖతార్ కొట్టిన గోల్ నాకిప్పటికీ మింగుడుపడదు. అయితే అసలు దెబ్బ అంతకుముందే, గువాహటిలో అఫ్గానిస్థాన్ చేతిలో ఓడినప్పుడే తగిలింది.