ఆర్థిక ఇబ్బందులుంటే శరణార్థి హోదా వస్తుందా?

ప్రశ్న: వ్యాపారం దెబ్బతిని, అప్పులపాలై వేరే దేశం వచ్చాను. వీసా గడువు దగ్గరపడింది. అసైలం (శరణు) దరఖాస్తు పెడితే పని చేసుకోవచ్చని ఏజెంటు అంటున్నాడు. ఆర్థిక ఇబ్బందులని రాస్తే కొట్టేస్తారు, ప్రాణభయం ఉందని రాయమంటున్నాడు. బతుకుతెరువు పోవడం శరణు కోరడానికి కారణం కాదా?

జవాబు: అప్పులు, నిరుద్యోగం, పేదరికం మాత్రమే కారణమైతే శరణార్థి హోదా రాదు. 1951 నాటి ఐక్యరాజ్యసమితి శరణార్థుల ఒప్పందం అయిదు కారణాలనే గుర్తించింది: జాతి, మతం, జాతీయత, ఒక ప్రత్యేక సామాజిక వర్గానికి చెందడం, రాజకీయ అభిప్రాయం. వీటిలో ఏదో ఒకదానివల్ల స్వదేశంలో పీడిస్తారన్న భయం ఉండాలి, ఆ భయానికి తగిన ఆధారం ఉండాలి, అక్కడి ప్రభుత్వం కాపాడదని తేలాలి. ఆకలి ఆ జాబితాలో లేదు. ఇది కఠినంగానే ఉంటుందని నాకూ తెలుసు.

అయితే మీ బతుకుతెరువు ఎలా పోయిందన్నది చాలా ముఖ్యం. మార్కెట్ పడిపోయి దుకాణం మూసుకోవడం వేరు, ఫలానా మతంవాడివనో, ఫలానా పార్టీ మనిషివనో లైసెన్సు లాక్కుంటే మూసుకోవడం వేరు. 1972లో ఉగాండా నియంత ఈదీ అమీన్ ఆ దేశంలోని ఆసియా సంతతివారిని 90 రోజుల్లో వెళ్లిపొమ్మన్నాడు, వాళ్ల వ్యాపారాలను స్వాధీనం చేసుకున్నాడు. పోయింది ఆస్తే, కానీ దాని వెనక ఉన్నది జాతి వివక్ష. ఒక వర్గంవారికే వ్యాపార హక్కులు తీసేసినా, వాళ్ల మీదే మోయలేని పన్నులు వేసినా బాధితులు శరణార్థులు కావచ్చని ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ మార్గదర్శక గ్రంథం కూడా చెబుతోంది. దేశమంతటికీ వర్తించే ఆర్థిక విధానం వల్ల నష్టపోయానంటే మాత్రం సాధారణంగా చాలదు.

నష్టం కూడా తీవ్రంగా ఉండాలి. ఆదాయం కాస్త తగ్గిందంటే ఒప్పుకోరు. అలాగని పూర్తిగా రోడ్డున పడాల్సిన పనీ లేదు. ఉద్దేశపూర్వకంగా తీవ్రమైన ఆర్థిక నష్టం కలిగించడం పీడన కావచ్చని, బతుకుతెరువు మొత్తం పోయిందని నిరూపించనక్కర్లేదని అమెరికా ఇమిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు 2007లో చెప్పింది.

అప్పులవాళ్ల బెదిరింపులు మామూలుగా ఈ అయిదు కారణాల కిందికి రావు. పోలీసులు మీ కులమో మతమో చూసి ఫిర్యాదు తీసుకోలేదంటే అప్పుడు కథ మారుతుంది.

ఇంటర్వ్యూలో అధికారి ఇలాంటివే అడుగుతారు: దుకాణం ఏ తేదీన మూతపడింది? నోటీసు ఎవరిచ్చారు? అదే వీధిలో మిగతావాళ్లవి తెరిచే ఉన్నాయా? మూసినవి ఎవరివి? ఏజెంటు రాసిచ్చిన కథ ఇక్కడే తేలిపోతుంది. ఒక్క అబద్ధం బయటపడితే మీరు చెప్పే నిజాన్ని కూడా నమ్మరు. తెలిసి తెలిసి కట్టుకథతో దరఖాస్తు పెట్టినవారు అమెరికాలోనైతే ఇమిగ్రేషన్ ప్రయోజనాలకు శాశ్వతంగా అనర్హులయ్యే ప్రమాదం ఉంది. అప్పుడు ఏజెంటు మీ పక్కన ఉండడు. దయచేసి ఆ కాగితం మీద సంతకం పెట్టకండి.

జరిగింది జరిగినట్టు తేదీలవారీగా రాసుకోండి. నోటీసులు, పన్ను రసీదులు, లైసెన్సు రద్దు ఉత్తర్వులు, పోలీసు ఫిర్యాదు నకళ్లు దగ్గర పెట్టుకోండి. మీరు నష్టపోయింది ఆ అయిదు కారణాల్లో ఒకదానివల్లే అయితే ఆలస్యం చేయకండి, అమెరికాలో సాధారణంగా వచ్చిన ఏడాదిలోపే దరఖాస్తు పెట్టాలి. కాకపోతే వర్క్ వీసా వంటి దారులు చూడాలి. ఏ దారైనా వీసా గడువు ముగియకముందే అక్కడి ఇమిగ్రేషన్ లాయరును కలవండి. ఫీజు కట్టలేకపోతే ఉచిత న్యాయసహాయం దొరుకుతుందేమో ముందు కనుక్కోండి.