కెన్యాలో బొమ్మలు, పూసలు కొనేముందు

చి. సౌజన్యకు ఆశీస్సులు.

ముందు ఎక్కడ కొనకూడదో చెబుతాను. నైరోబీ నుంచి మసాయి మారా అభయారణ్యానికి వెళ్లే దారిలో, నారోక్ ఊరు రాకముందే, డ్రైవరు టాయిలెట్ కోసమంటూ ఒక పెద్ద బొమ్మల కొట్టు దగ్గర బండి ఆపుతాడు. నువ్వు కొన్నదాంట్లో అతనికి వాటా ఉంటుంది, అది నీ ధరలోనే కలిసి ఉంటుంది. పని చూసుకుని వచ్చేయ్. మసాయిలు ఒంటికి చుట్టుకునే దుప్పటి, షూకా, ఒక్కటి మాత్రం వెళ్లేటప్పుడే నైరోబీలో కొను. మారాలో తెల్లవారుజామున పైకప్పు తెరిచిన బండిలో చలి వణికిస్తుంది. షూకాలు చాలావరకు మిల్లులో నేసిన ఆక్రిలిక్ గుడ్డే. చేనేత అంటే ఆ మాటకు అదనంగా ఇవ్వకు.

మిగతావన్నీ తిరిగొచ్చాక నైరోబీ మసాయి మార్కెట్లో కొనుక్కో. అది ఒకచోట ఉండదు, వారంలో రోజుకోచోట పెడతారు. హోటల్లో అడిగి వెళ్లు. మారాకు చిన్న విమానంలో వెళ్తే సామాను సాధారణంగా 15 కిలోలే, అదీ మెత్తని సంచిలో. రాయి, కొయ్య మోసుకు తిరగలేవు.

బేరం వాళ్లు చెప్పిన ధరలో మూడో వంతు దగ్గర మొదలుపెట్టు, సగం దగ్గర తెగితే మంచి బేరమే. డాలర్లలో ధర చెబితే షిల్లింగుల్లో చెప్పమను. ధర రాసిపెట్టిన షాపుల్లో, సహకార సంఘాల్లో బేరమాడకు.

నల్లని కొయ్య బొమ్మ ఏది చూపించినా ఎబొనీ అంటారు. చాలావాటికి పూసింది బూటు పాలిషే. తడి రుమాలుతో అడుగున గట్టిగా రుద్దు, నలుపు అంటితే వదిలెయ్. అక్కడ ఎబొనీ పేరుతో అమ్మే నల్లకొయ్య ఎంపింగో. అసలైనదైతే నీళ్లలో మునిగేంత బరువు. మన కొండపల్లి బొమ్మల పొణికిలా తేలిగ్గా ఉంటే అది కాదు. అడుగున సన్నని రంధ్రాలు, పిండిలాంటి పొడి కనిపిస్తే లోపల పురుగుంది. పచ్చికొయ్యతో చెక్కింది ఇంటికొచ్చాక ఎండి పగులుతుంది. అందుకే పెద్ద జిరాఫీ బొమ్మ జోలికి పోవద్దంటాను.

కీసీ దగ్గరి తబాకాలో చెక్కే సబ్బురాయి బొమ్మలు అందమైనవే, కానీ మెత్తటి రాయి. ఏనుగు చెవులు, జింక కాళ్లు ముందే విరిగితే రాతిపొడి, జిగురు కలిపి అతికిస్తారు. ఆ చోట గోరు నడిపిస్తే అతుకు తెలుస్తుంది. గిన్నెలకు మైనమో వార్నిషో ఉంటుంది, వాటిలో పచ్చడి వేయకు.

నన్నడిగితే కియోండో బుట్టే అన్నిటికంటే మేలు. కిత్తనారతో అల్లుతారు, మడిచినా పాడవదు. తోలు పట్టీ కుట్టు లాగి చూడు, రంగు దిగుతుందేమో తడిగుడ్డతో చూడు. పూసల హారాల్లో తీగ చివర్లు లోపలికి మడిచారో లేదో వేలితో తడుము. బయటికి పొడుచుకొస్తే మెడ గీరుతుంది, పూసలూ జారిపోతాయి. నైరోబీ శివారు కారెన్‌లో 1975లో మొదలైన కజూరి వర్క్‌షాపులో మట్టిపూసలు చేస్తుండగా చూడొచ్చు. ధర ఎక్కువే, పని నికార్సైనది.

దంతం, కొమ్ము, అడవి జంతువు తోలు, తాబేటి చిప్ప, పగడపు దిబ్బ ముక్క – ఎంత చవగ్గా ఇచ్చినా, పాతదని చెప్పినా ముట్టుకోకు. విమానాశ్రయంలో పట్టుకుంటే జప్తుతో ఆగదు, కేసు పెడతారు. ఎముక పూసలు ఆవు ఎముకవే కావచ్చు, కానీ కస్టమ్స్ వాళ్ల ముందు అది నిరూపించే తిప్పలు నీవే. రసీదులు దాచు.

సర్దడానికి ఇక్కణ్ణుంచి ప్లాస్టిక్ క్యారీబ్యాగులు తీసుకెళ్లకు, 2017 నుంచి అక్కడ నిషేధం. రాతి బొమ్మల్ని షూకాలో చుట్టి, బుట్టలో కుక్కి, చేతి సామానులో పెట్టుకో.

ఇట్లు,
మీ పెద్దమ్మ