అమెరికా బడిలో కర్సివ్: మన పిల్లలకు ఏం నేర్పించాలి?

ప్రశ్న: కూకట్‌పల్లిలో ఉంటాం. బాబు మూడో తరగతి. యూకేజీ నుంచే నాలుగు గీతల కాపీల్లో కర్సివ్ (కలిపిరాత) రాస్తున్నాడు. వేసవిలో కాలిఫోర్నియా వస్తున్నాం. అక్కడ బడుల్లో కర్సివ్ తప్పనిసరి అట కదా, మళ్లీ మొదటి నుంచి నేర్పించాలా?

జవాబు: అక్కర్లేదండీ. ముందు నేర్పాల్సింది విడి అక్షరాలు.

ఏ తరగతిలో ఏం నేర్పాలో చెప్పే, చాలా అమెరికా రాష్ట్రాలు పాటించిన 2010 నాటి కామన్ కోర్ ప్రమాణాల్లో కర్సివ్ లేదు, అందుకే చాలా బడులు వదిలేశాయి. ఇప్పుడు ఒక్కో రాష్ట్రం మళ్లీ తెస్తోంది. కాలిఫోర్నియా 2023 అక్టోబర్‌లో ఏబీ 446 చట్టం చేసింది. ఒకటి నుంచి ఆరో గ్రేడ్ లోపు, తగిన గ్రేడ్లలో కలిపిరాత నేర్పాలన్నది నియమం. ఏ గ్రేడ్‌లో మొదలుపెడతారో బడిని బట్టి మారుతుంది, టీచర్‌నే అడగండి. అప్పటిదాకా వర్క్‌షీట్లన్నీ విడి అక్షరాల్లోనే. బాబుకి కలిపి రాయడం ఒక్కటే వస్తే పక్క పిల్లలు చదవలేరు. బయల్దేరేలోపు రోజూ పది నిమిషాలు విడిగా రాయించండి, కర్సివ్ మాత్రం మాన్పించకండి. చేతికి పట్టుబడిన విద్య అది.

తడబడేది గీతల దగ్గర. అక్కడ చిన్నపిల్లల కాగితంపై పైన గీత, మధ్యలో చుక్కల గీత, కింద గీత ఉంటాయి. జీ, వై తోకలు ఆనించుకోవడానికి మన నాలుగో గీత ఉండకపోవచ్చు. దాంతో తోకలు పొట్టిగా ఆగిపోతాయి, లేదా కింది వరుసలోకి దూసుకెళ్తాయి. చుక్కల గీత నుంచి పై గీతకు ఎంత ఎత్తో, కింది గీత నుంచి కిందికీ అంతే అని చుక్క పెట్టి చూపించండి.

రెండో చిక్కు చిన్న బి, ఓ, వి, డబ్ల్యూలతో. మిగతావి కింది గీత దగ్గర ముగిస్తే ఇవి మధ్య గీత దగ్గర ముగుస్తాయి. పిల్లలు అలవాటుగా కిందికి దించేస్తారు, అప్పుడు ఓ కాస్తా ఏ అయిపోతుంది. 'బ్రెడ్', 'రోజ్', 'వెస్ట్' ఇంగ్లిష్‌లో రాయించి, కలిసే చోటు ఒక్కటే దిద్దండి.

ఇంక్ పెన్నులు మోయక్కర్లేదు. అక్కడ అడిగే నంబర్ 2 పెన్సిల్ మన హెచ్‌బీనే. ఎడమచేతి వాటమైతే కాగితం పై అంచు కుడివైపు వాలేలా పెట్టించండి. నిటారుగా పెడితే మణికట్టు వంచి రాస్తారు, రాసిందే అలుకుతుంది. దయచేసి చేయి మాత్రం మార్పించకండి.